పదకొండో మంచం అవ్వ

అవ్వ పోయింది. మొన్న మంగళవారం పొద్దున, డ్యూటీ దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకు పేషెంట్లను అప్పగించే వేళ ఫోన్ వచ్చింది. అప్పగింత జరుగుతున్నప్పుడు మేము ఫోన్ ఎత్తం. రెండుసార్లు మోగి ఆగి, మూడోసారి మళ్ళీ మోగేసరికి పక్కకి వెళ్ళి తీశాను. అవ్వ కొడుకు.

"సిస్టర్, అమ్మ పోయింది. తెల్లారి ఐదుకు. అమ్మ ఫోన్‌లో మీ నంబరే మొదట ఉండాది. అందుకే మీకే ముందు చేసినా."

"సరే అన్నా" అన్నాను. తిరిగి వెళ్ళి ఆరో మంచం పేషెంటు జ్వరం ఎంతుందో చదివి వినిపించాను. నా గొంతు మామూలుగానే ఉందని పక్కనున్న అమ్మాయి తర్వాత చెప్పింది.

అవ్వ నాకు చుట్టం కాదు. మా మతం కాదు, మా ఊరు కాదు. నర్సింగ్ రెండో సంవత్సరంలో నాకు అప్పగించిన మొదటి పేషెంటు. నా చేతి సూదితో చావు అంచు దాకా వెళ్ళి వచ్చిన మనిషి. ఈ మాట ఆమె బతికుండగా ఎక్కడా రాయలేకపోయాను. ఇప్పుడు రాయకపోతే ఎప్పటికీ రాయలేను.

మాది చీరాల దగ్గర పల్లె. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. మా చర్చిలో అప్పటికే ముగ్గురు అక్కలు బెంగళూరులో నర్సులు. వాళ్ళను చూసి నన్నూ పంపారు. వర్తూరు దాటాక ఒక కాలేజీ; అక్కడి నుంచి బస్సులో నగరం మధ్యలో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళి వార్డుల్లో వదిలేవారు. మొదటి ఏడాది దిండు మీద సూది వేశాం, బొమ్మకు ఒళ్ళు తుడిచాం. బొమ్మ మూలగదు, సిగ్గుపడదు, మన కళ్ళలోకి చూడదు. రెండో ఏడాది నిజమైన మనుషులు. మొట్టమొదట నేను ఒళ్ళు తుడిచిన ఆమె కన్నడంలో ఏదో తిట్టింది. అర్థంకాక నవ్వాను. ఎగతాళి చేస్తున్నానని ఆమె ఏడ్చింది. నీళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పిందట, పాపం.

వార్డు పెద్ద సిస్టర్ ఆ రోజు నన్ను అందరి ముందూ నిలబెట్టి, "భాష రాదు, చెయ్యి తిరగదు. మరి నీకేం వచ్చు?" అని అడిగింది. హాస్టల్ బాత్రూంలో కుళాయి తిప్పి ఏడవడం మాత్రం బాగా వచ్చింది.

ఆ మర్నాడే నాకు పదకొండో మంచం ఇచ్చారు. ప్రతి స్టూడెంటూ ఒక పేషెంటును తీసుకుని, రోజూ సేవ చేసి, వివరాలు రికార్డు పుస్తకంలో రాయాలి. మంచం మీద ఒక ముసలామె, డెబ్బై ఉంటాయి. దవడన లవంగం. కుడికాలికి కట్టు. కన్నడంలో ఎలా పలకరించాలో అరచేతి మీద రాసుకొచ్చాను. మంచం పక్కన నిలబడి అది చూసుకుంటున్నాను.

"ఏం పాపా, చేతిలో జాతకం చూసుకుంటా ఉండావా?"

ప్రాణం లేచొచ్చింది. "మీకు తెలుగొచ్చా అమ్మమ్మా?"

"మా తాతల కాలం నుంచి ఈ ఊర్లోనే ఉండాము. ఇంట్లో తెలుగే. అమ్మమ్మ వద్దు, అవ్వా అను. యాడిది నీ తెలుగు? పద్యం చదివినట్ల మాట్లాడతావే!"

కబ్బన్‌పేటలో నేతపని చేసుకునే ఇల్లు ఆమెది. మగ్గం కింద పడిన మేకు అరికాల్లో దిగితే, చక్కెర జబ్బుతో స్పర్శ పోయి, చాలా రోజుల దాకా తెలియలేదు. కోడలు నేల మీద మరకలు చూసి కనిపెట్టింది. అప్పటికే పుండు లోపలికి తినేసింది.

వార్డులో నాకు కావలసిన కన్నడం అవ్వే నేర్పింది. "నోవు అంటే నొప్పి. 'ఎల్లి నోవు', యాడ నొప్పి, అని అడుగు. అడిగి ఊరికే నిలబడొద్దు. వాళ్ళు చెయ్యి పెట్టిన కాడ నువ్వూ చెయ్యి పెట్టు. ఆ మీదట భాషతో పని ల్యా." ఇప్పటికీ నేను చేసేది అదే. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు మా ఆసుపత్రిలో చేరినప్పుడు వాళ్ళ మాట ఒక్కటీ రాదు నాకు. చెయ్యి పెట్టిన చోట చెయ్యి పెడతాను.

ఎవరు మంచం దగ్గరికి వచ్చినా, పెద్ద డాక్టరైనా, నేల తుడిచే ఆమైనా, "టిఫిన్ అయిందా?" అని అడగకుండా అవ్వ చెయ్యి గానీ కాలు గానీ ఇచ్చేది కాదు. మాత్రలను రంగుల పేర్లతో పిలిచేది. ఉల్లిపొర రంగుది, నెమలికంఠం రంగుది అని. అడుగుల చప్పుడు విని ఏ సిస్టర్ వస్తోందో చెప్పేది. నేను వస్తే, "చెప్పులు ఈడ్చకుండా నడువు, భయపడతా ఉండావని అందరికీ తెలిసిపోతాది" అనేది.

మొదటిసారి ఆమె కట్టు విప్పినప్పుడు ఆ వాసన తట్టుకోలేకపోయాను. బయటికి పరుగెత్తాను. మొహం కడుక్కుని తిరిగొచ్చాను.

"వాంతి అయిందా?"

"లేదవ్వా."

"అబద్ధమెందుకు? కండ్లలో నీళ్ళుండాయి. వాసన నాకూ వస్తాది పాపా. నాది కాబట్టి పారిపోయేకి లేదు, అంతే." కాలు మళ్ళీ నా వైపు జరిపింది. "ముక్కు బిగబట్టొద్దు. ఏదో ఒకటి మాట్లాడతా ఉండు. మాట్లాడతా ఉంటే నోటితో గాలి పీలుస్తావు."

అలా మా నాన్న డిపో కబుర్లు మొదలయ్యాయి. పెళ్ళివాళ్ళను తీసుకెళ్తున్న బస్సు అద్దంకి దారిలో ఆగిపోవడం, ముహూర్తం దగ్గర పడటం, నాన్న స్పానర్లు తీసుకుని లారీ ఎక్కి వెళ్ళడం. రోజూ కొంచెం చెప్పేదాన్ని. కట్టు అయిపోయేసరికి కథ ఎక్కడో ఆగేది. పది రోజులకు నా చెయ్యి కుదిరింది. ఒక రోజు పెద్ద సిస్టర్ వచ్చి నా కట్టు చూసి, "గుడ్" అంది. వార్డులో నాకు దక్కిన మొదటి మంచి మాట. అదే నన్ను ముంచింది.

ఆ మర్నాడు అవ్వ కాల్లో కుళ్ళిన కండను థియేటర్‌లో తీసేయాలి. అందుకని ఏమీ తినకూడదు. తినలేదు కాబట్టి ఇన్సులిన్ వేయకూడదు. పొద్దున అప్పగింతలో ఆ మాట చెప్పారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అయినా నా చెవికి ఎక్కలేదు. నిన్నటి "గుడ్" గురించే ఆలోచిస్తున్నానేమో. ఇన్నేళ్ళుగా ఆ నిమిషాన్ని గుర్తుచేసుకోవాలని చూస్తూనే ఉన్నాను, దొరకదు.

నాతో ఉన్న స్టాఫ్ నర్సు, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైన అమ్మాయి, "పదకొండో మంచానికి షుగర్ చూసి పెట్టు, నేనొస్తా" అంది. అంతలో నాలుగో మంచం ఆమెకు కుట్లు తెగి రక్తం పోతోందని కేక వినబడితే అటు పరుగెత్తింది. స్టూడెంటు ఒంటరిగా సూది వేయకూడదని మాకు మొదటి రోజే చెప్పారు. నేను ఆగలేదు. నిన్నటి చార్టు చూసి సిరంజిలోకి ఇన్సులిన్ తీసుకున్నాను. ఆమె తిరిగొచ్చేలోగా పని పూర్తి చేసి చూపించాలనుకున్నాను.

అవ్వ నా వైపు చూసింది. "ఈ పొద్దు తినొద్దన్నారే పాపా. సూది ఉండాదా?"

"ఉంది అవ్వా. షుగర్‌కే కదా."

"సరే. నువ్వు చదువుకున్న దానివి, నీకు తెలుస్తాది" అని చీర కొంచెం పక్కకి తీసి పొట్ట చూపించింది.

ఆ మాట ఇప్పటికీ నేను ఏ సూది పట్టుకున్నా వినబడుతుంది.

గంట గడిచాక అవ్వ నన్ను ఇంకెవరి పేరుతోనో పిలిచింది. చిన్నప్పుడే పోయిన తన చెల్లెలి పేరట అది. దుప్పటి చెమటతో తడిసిపోయింది. చేతులు గాలిలో ఏదో అందుకుంటున్నాయి. "దారం తెగిపోయిందే. ముడెయ్యి, ముడెయ్యి" అంటోంది. వేలు గుచ్చి చూశాను. షుగర్ ముప్పై నాలుగు; డెబ్బైకి తగ్గకూడదు. అంకె చూడగానే నేనేం చేశానో తెలిసిపోయింది. తెలుగులోనే అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. పెద్ద సిస్టర్ వచ్చి నన్ను పక్కకి నెట్టి, గ్లూకోజు ఎక్కించింది. అవ్వ కళ్ళు పైకి తేలిపోయి ఉన్నాయి. దేవా, దేవా అనుకుంటూ మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆమె మళ్ళీ రెప్పలార్చి, "ఏమప్పా, అందరూ ఇక్కడే ఉండారు?" అనేదాకా నేను ఊపిరి తీసుకున్నట్టు లేదు.

ఆపరేషన్ వాయిదా పడింది. సూది ఎవరు వేశారని పెద్ద సిస్టర్ అడిగింది. చార్టులో సంతకం లేదు. నేను నోరెత్తలేదు. ఆ మంచం బాధ్యత స్టాఫ్ నర్సుదే కాబట్టి జవాబు ఆమే చెప్పుకోవాలి. ఆ అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద వివరణ రాస్తూ ఏడుస్తోంది. పెద్ద సిస్టర్ అవ్వనే అడిగింది. అవ్వ నా మొహం చూడకుండా, "కండ్లు మూసుకోని ఉంటిని. చూడలేదు" అంది.

అందరూ వెళ్ళాక నన్ను పిలిచింది.

"నీకోసం అబద్ధం చెప్పినా. ఈ వయసులో చెప్పకూడదు, అయినా చెప్పినా. అది సాయంత్రం దాకా పనిచేస్తాది పాపా. ఆ మీదట ఆ పిల్ల ఏడుపు నీది."

తొమ్మిదిన్నర నుంచి నాలుగు దాకా నేను ఏం చేశానో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. దుప్పట్లు మడిచాను. జ్వరాలు చూశాను. ఆ అమ్మాయి కూర్చున్న బల్ల ముందు నుంచి కనీసం ఇరవైసార్లు నడిచాను. చెప్పేస్తే చదువు పోతుంది, నాన్న మొహం చూడలేను. చెప్పకపోతే ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. నాలుగు గంటలకు విజిటర్లను వదిలారు. అవ్వ కొడుకు కొబ్బరినీళ్ళు పట్టుకుని లోపలికొచ్చి, నన్ను చూసి దండం పెట్టి, "మా అమ్మను బాగా చూసుకుంటా ఉండారంట సిస్టర్" అన్నాడు. అక్కడి నుంచి నేరుగా పెద్ద సిస్టర్ గదిలోకి వెళ్ళి చెప్పేశాను.

వారం రోజులు వార్డుకు రావద్దన్నారు. ఆ పోస్టింగు మొత్తం మళ్ళీ చేయాలన్నారు. నాన్నను పిలిపించారు. ఆయన రైలు దిగి, డిపో చొక్కాతోనే కాలేజీకి వచ్చి, ప్రిన్సిపాల్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, చూపించిన చోటల్లా సంతకం పెట్టారు. తర్వాత ఆసుపత్రికి వెళ్దాం పద అన్నారు. పదకొండో మంచం ముందు చేతులు జోడించి, "మా అమ్మాయి..." అని ఆగిపోయారు.

"కూచో అప్పా. టిఫిన్ అయిందా?" అంది అవ్వ.

నాన్న ఏడ్చేశారు. నా జన్మలో ఆయన ఏడవడం చూసింది అదొక్కసారే.

"మొదలు కిందకు పోయి ఇడ్లీ తిని రా. నీ కూతురు చెప్పింది కదా. చెప్పకుండా ఉండింటే అప్పుడు నువ్వు తల దించుకోవాల."

ఆ వారంలో అవ్వకు జ్వరం వచ్చింది. ఎరుపు మడమ దాటి పైకి ఎక్కింది. నాలుగో రోజు మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఈ సంగతి హాస్టల్‌లో నా స్నేహితురాలు చెప్పింది. నేను నమ్మలేదు. వారం తర్వాత వార్డుకు వెళ్ళాను. పదకొండో మంచం మీద దుప్పటి ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క సగం నుంచి చదునుగా ఉంది. అవ్వ నిద్రపోతోంది.

సర్జన్ వరండాలో చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి అడిగాను. "సార్, ఆ రోజే ఆపరేషన్ జరిగి ఉంటే కాలు దక్కేదా?"

ఆయన నా వైపు చూశారు. నేనెవరో ఆయనకు తెలుసు. "బహుశా దక్కేది కాదు" అన్నారు.

ఆ "బహుశా"తోనే నేను ఇన్నేళ్ళూ బతికాను. ఒక్కో రోజు అది దుప్పటిలా కప్పుతుంది, ఒక్కో రోజు గొంతుకు చుట్టుకుంటుంది.

ఆ మధ్యాహ్నమే హాస్టల్‌కు వెళ్ళి పెట్టె సర్దుకున్నాను. మర్నాడు పొద్దున నా స్టూడెంటు కార్డు తిరిగి ఇచ్చేయడానికి వార్డుకు వచ్చాను. పదకొండో మంచం దగ్గర గొడవ జరుగుతోంది. కట్టు మార్చడానికి అవ్వ ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

"ఆ పాపను పిలవండి. ఆ పాపే కట్టాల."

"ఆమె చేసిన పని తెలిసి కూడానా?" అంది పెద్ద సిస్టర్.

"సూది తప్పుగా వేసింది. కట్టు ఏ పొద్దూ తప్పుగా కట్టలేదు."

పెద్ద సిస్టర్ కొత్త గ్లోవ్స్ తీసి నా చేతిలో పెట్టి, పక్కనే నిలబడింది. నేను విప్పాను. మొండికాలి మీద వరుసగా కుట్లు. దూది రెండుసార్లు కింద పడింది. అవ్వ పైకప్పు వైపే చూస్తోంది.

"మాట్లాడు పాపా."

"నన్ను క్షమించండి అవ్వా."

"ఆ మాట కాదు. మీ నాయన లారీ ఎక్కి పోయినాడు కదా, ఆ బస్సు ఏమాయ?"

చెప్పాను. ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, నాన్న ఫ్యాన్ బెల్టు మార్చిన కథ, పెళ్ళికూతురు మెట్ల మీద కూర్చుని మజ్జిగ తాగిన కథ చెబుతూ కట్టు కట్టాను. అయ్యాక పెద్ద సిస్టర్ నేను మంచం పక్కన పెట్టిన కార్డు తీసుకుని, నా జేబులో పెట్టి వెళ్ళిపోయింది.

ఇలా చెబితే అంతా చక్కబడిపోయినట్టు అనిపిస్తుందేమో. చక్కబడలేదు. ఆరు రోజులు అవ్వ ఆ కాలివైపు చూడలేదు. ఏడో రోజు కట్టు విప్పినప్పుడు తల ఎత్తి చూసి, "ఇంతేనా" అంది. గోడ వైపు తిరిగిపోయింది. ఆ రోజు ఎవరినీ టిఫిన్ అయిందా అని అడగలేదు. ఇంకో రోజు, "బొటనవేలు దురద పెడతా ఉండాది. గీరు పాపా" అంది. ఆ వేలు లేదు. ఉండాల్సిన చోట దుప్పటి మీద గోళ్ళతో గీరాను.

"ఇంకా స్వల్ప కిందకి."

"తగ్గిందా అవ్వా?"

"తగ్గలేదు. అయినా గీరు."

నా బ్యాచ్ ముందుకు వెళ్ళిపోయింది. నేను ఆ పోస్టింగు మళ్ళీ చేసి, చిన్నవాళ్ళతో పాటు పరీక్షలు రాసి పాసయ్యాను. బెళ్ళందూరు దగ్గర ఉద్యోగం వచ్చింది. సెలవు దొరికిన ఆదివారాలు చర్చి నుంచి నేరుగా కబ్బన్‌పేట వెళ్ళేదాన్ని. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని కండెలకు దారం చుడుతూ ఉండేది. "చర్చిలో నాకోసం ఏమడిగినావు?" అనేది. "ఆరోగ్యం అడిగానవ్వా" అంటే, "అది అయ్యేది కాదు. వేరే ఏదైనా అడుగు" అని నవ్వేది.

ఒక్కసారి మాత్రం ధైర్యం చేసి అడిగాను. "అవ్వా, నా వల్లే కాలు పోయిందనుకుంటున్నారా?"

చేతిలో దారం ఆపింది.

"ఆ మాట అడగొద్దు పాపా. నువ్వు అడిగితే నేను మంచి మాట చెప్పాల. ఒకో రోజు నాకు మంచి మాట రాదు."

తర్వాత నేనెప్పుడూ అడగలేదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నన్ను క్షమించిందో లేదో తెలియదు. ఆదివారం రాకపోతే మాత్రం ఫోన్ చేసి, "సచ్చినావా బతికినావా?" అని అడిగేది. ఓదార్చడానికి తేలిగ్గా నోటికొచ్చే అబద్ధాన్ని ఆమె నాకివ్వలేదు. అందుకే ఆమె చెప్పిన మిగతావన్నీ నమ్మగలిగాను. నేను ఈ రోజు నర్సుగా నిలబడి ఉన్నానంటే, ఆ నమ్మకం మీదే.

మంగళవారం అనుమతి దొరికేసరికి పదకొండయింది. అవుటర్ రింగ్ రోడ్డు మీద బస్సు కదలదు. దిగి నడిచాను, ఆటో ఎక్కాను, మళ్ళీ దిగి పరుగెత్తాను. ఏమందుకోవాలని పరుగో నాకే తెలియదు. ఒంటిగంటన్నరకు చేరాను. హాల్లో నేల మీద పడుకోబెట్టి, కొత్త చీర కప్పారు. ఎవరో పెద్దావిడ, రెండు కాళ్ళూ ఉన్నట్టు కనబడాలని తువ్వాలు చుట్టి చీర కింద పెట్టింది. కొడుకు వంగి దాన్ని మెల్లగా బయటికి తీసేశాడు. "అమ్మకు ఇట్లాంటివి నచ్చవు" అన్నాడు.

రెండు నెలలుగా మూత్రపిండాలు పనిచేయడం లేదట. ఆసుపత్రికి పోనని పట్టుబట్టిందట. ఆ రెండు నెలలూ నాకు ఆదివారం సెలవు దొరకలేదు; ఫోన్‌లో నాతో మాట్లాడినప్పుడు, కాస్త బేజారుగా ఉండాది అంతే, అని మాత్రం అంది.

"నాకెందుకు చెప్పలేదన్నా?" అని అడిగాను.

ఆయన ఇబ్బందిగా చూశాడు. "వద్దనింది సిస్టర్. ఆ పాప వస్తాది, వచ్చి నా కాలు చూస్తా కూచుంటాది, వద్దప్పా అనింది."

అన్నేళ్ళ ఆదివారాల్లో నేనెక్కడ చూస్తూ కూర్చునేదాన్నో ఆమెకు తెలుసు. నాకే తెలియదు.

రెండు గంటలకు తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు సందు మలుపు దాకా వెళ్ళి ఆగిపోయారు. నేనూ ఆగాను. ఆ సందులో ఇంకా మిగిలిన నాలుగైదు మరమగ్గాల వాళ్ళు అవ్వను మోసుకెళ్తున్నంతసేపూ కరెంటు ఆపేసి, గుమ్మాల్లో నిలబడ్డారు. నా ఎరుకలో ఆ సందు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. డప్పు చప్పుడు పెద్ద రోడ్డు మీదికి మళ్ళి, బస్సుల హారన్లలో కలిసిపోయింది. కోడలు ఇంటి ముందు నీళ్ళు చల్లి, చీపురు తీసుకుంది. ఎవరూ ఏమీ మొదలుపెట్టకుండా ఇంకొక్క నిమిషం ఉంటే చాలు అనుకున్నాను. మూడో ఇంట్లో ఒకతను చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. మగ్గం ఒకసారి దడదడమని ఆగింది. మళ్ళీ మొదలైంది. దాని వెంట పక్కింటిది, ఆ తర్వాత ఎదురింటిది.